ముగ్గురు కలిసి చదివిన మంచు

1987 అక్టోబరు 1వ తేదీ నాటి 'నేచర్' పత్రికలో ఒకే విషయం మీద మూడు పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. దక్షిణ ధ్రువఖండం నడిబొడ్డున సోవియట్ యూనియన్ నడుపుతున్న వోస్తోక్ అనే కేంద్రంలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున బోరు వేసి తీసిన మంచు గురించి ఆ వ్యాసాలు. వాటిలో చెప్పిన శాస్త్రవిషయాలు నేడు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాడిగా నన్ను ఆకర్షించినవి మాత్రం ఆ వ్యాసాల మొదట ఉన్న పేర్లు. బార్నోలా, రేనో, లోరియూస్ అనే ఫ్రెంచి పేర్ల నడుమ కొరొత్కెవిచ్ అనే రష్యన్ పేరు ఉంది. ఆ పేర్ల వెనుక, అక్కడ కనిపించని మూడవ దేశం ఒకటి ఉంది. ఫ్రెంచివారిని ఆ మంచు దగ్గరకు చేర్చినది అమెరికా విమానం.

అవి ప్రచ్ఛన్న యుద్ధపు చివరి సంవత్సరాలు. ఆ కాలంలో ఈ మూడు దేశాలవారు ఒక మంచుకడ్డీ చుట్టూ ఎలా చేరారు? ఎందుకు చేరారు? ఆ చేరిక వలన మానవజాతికి తెలిసినదేమిటి? ఈ ప్రశ్నలకు నేను చదివి తెలుసుకున్నంత మేరకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. బోరు యంత్రం లోపలినుంచి పైకి తెచ్చే పొడవాటి మంచు స్తంభాన్ని శాస్త్రజ్ఞులు ఐస్ కోర్ అంటారు. దానికి 'మంచుకడ్డీ' అనే మాటను ఈ వ్యాసమంతటా వాడుతున్నాను.

*

ముందుగా మంచుకు జ్ఞాపకశక్తి ఎలా వచ్చిందో చూద్దాం.

1952 జూన్ నెలలో కోపెన్‌హేగెన్‌లో విల్లీ డాన్స్‌గార్డ్ అనే యువ శాస్త్రజ్ఞుడు తన ఇంటి పెరటిలో ఒక ఖాళీ బీరు సీసా పెట్టి, దాని మూతిలో గరాటు గుచ్చి, వాన నీరు పట్టాడు. వాన కురుస్తున్నంతసేపూ పాత్రలు మారుస్తూ నీటిని విడివిడిగా సేకరించాడు. నీటిలోని ఆక్సిజన్ పరమాణువులలో అత్యధికభాగం 16 భారం కలవి. చాలా కొద్దిభాగం 18 భారం కలవి. మేఘం ఎంత చల్లబడితే అందులోనుంచి కురిసే నీటిలో బరువైన ఆక్సిజన్ అంత తక్కువగా ఉంటుందని ఆయన పరిశీలనలలో తేలింది. అంటే వాన చుక్క తాను పుట్టిన చోటి చలిని తనలో రాసుకొని వస్తుంది. మంచుకూ ఇదే సూత్రం. కురిసిన మంచు ఏనాడూ కరగని చోట, ఏటికేడాది పొరల మీద పొరలుగా పేరుకుపోయే చోట, వేల సంవత్సరాల ఉష్ణోగ్రతల లెక్క భద్రంగా ఉండాలి కదా! గ్రీన్‌లాండ్ మంచులో ఆ లెక్క దొరుకుతుందని 1954లోనే డాన్స్‌గార్డ్ రాశాడు.

రెండవ జ్ఞాపకం గాలిది. పొడిమంచు గింజల మధ్య గాలి ఉంటుంది. పైపొరల బరువుకు అడుగున ఉన్నది క్రమంగా నొక్కుకొని, సుమారు వంద మీటర్ల లోతుకు చేరేసరికి గట్టి మంచుగా మారుతుంది. అప్పుడు గింజల మధ్యనున్న గాలి చిన్న చిన్న బుడగలుగా బందీ అవుతుంది. ఆ బుడగలోని గాలి అది మూసుకున్ననాటి గాలి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ లోరియూస్‌కు ఈ ఆలోచన తట్టిన సందర్భాన్ని ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. 1965లో దక్షిణ ధ్రువఖండంలోని అడేలీ లాండ్‌లో పగలంతా మంచును తొలిచి, రాత్రి బసలో విస్కీ గ్లాసులో బోరు నుంచి వచ్చిన మంచుముక్క వేసుకున్నాడు. ముక్క కరుగుతుంటే బుడగలు పైకి వచ్చి పగిలాయి. అది ప్రాచీన కాలపు గాలి అని ఆయనకు స్ఫురించింది. స్ఫురించడం ఒక సాయంత్రపు పని. నమ్మదగిన కొలత తీయడానికి పదిహేనేళ్ళు పట్టింది. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రనోబుల్, స్విట్జర్లాండులోని బెర్న్ నగరాల ప్రయోగశాలలు మంచు బుడగలలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, సరిగా కొలవగలిగాయి. మంచుయుగంలో ఆ వాయువు నేటికంటె చాలా తక్కువగా ఉండేదని రెండు చోట్లా తేలింది.

*

జ్ఞాపకం ఉంటే చాలదు, దానిని బయటకు తీయాలి. ఇక్కడే కథ శాస్త్రజ్ఞుల చేయి దాటి ప్రభుత్వాల చేతికి, సైన్యాల చేతికి పోయింది.

మన పల్లెల్లో బోరు వేయించిన రైతుకు తెలుసు, లోతు పెరిగేకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతుందో. మంచులో కష్టం ఇంకొక రకం. ఎంత గట్టిదైనా మంచు ఒత్తిడికి మెల్లగా జారే పదార్థం. వందల మీటర్ల లోతులో తీసిన రంధ్రం తనంత తానే మూసుకుపోతుంది. అలా మూసుకోకుండా గడ్డకట్టని ద్రవం ఏదైనా, సాధారణంగా కిరోసిను వంటిది, రంధ్రం నిండా పోసి ఉంచాలి. ఆ ద్రవం, యంత్రం, ఇంధనం, తిండి అన్నీ మనిషి ఉండని చోటికి మోయాలి. ఇది విశ్వవిద్యాలయపు బడ్జెటుకు అందే పని కాదు.

మంచుపలక అడుగుదాకా మొదటి బోరు వేసినది అమెరికా సైన్యానికి చెందిన ఇంజినీర్లే. గ్రీన్‌లాండులో మంచు కింద సొరంగాలు తవ్వి, ఒక చిన్న అణురియాక్టరు పెట్టి, 'కాంప్ సెంచరీ' అనే స్థావరాన్ని 1959-60లలో నిర్మించారు. పైకి అది పరిశోధన కేంద్రం. మంచు కింద సొరంగాలలో వందల క్షిపణులను దాచిపెట్టాలనే రహస్య పథకం దాని వెనుక ఉందని చాలా ఏళ్ళ తరువాత బయటపడింది. మంచు కదలికకు సొరంగాలు నొక్కుకుపోవడంతో ఆ పథకం సాగలేదు. బోరు మాత్రం 1966లో సుమారు 1,390 మీటర్ల లోతున నేలను తాకింది. ఆ మంచు కోసం డాన్స్‌గార్డ్ అమెరికన్లను అడిగాడు. వారు ఇచ్చారు. లక్ష సంవత్సరాల వాతావరణ చరిత్రను చెప్పే వ్యాసం 1969లో డేన్లు, అమెరికన్లు కలిసి ప్రకటించారు.

ఈ ఉదంతంలో పాఠకులు ఒకటి గమనించాలి. మంచు తీయగలిగినవారికి దానిని చదివే నేర్పు లేదు. చదవగలిగినవారికి తీసే శక్తి లేదు. తరువాతి ముప్పై ఏళ్ళ కథకంతటికీ ఇదే మూలసూత్రం.

ఆ మంచుకడ్డీకి ఒక కొసరు కథ కూడా ఉంది. మంచుతోపాటు అడుగున తీసిన మూడు మీటర్లకు పైగా మన్ను పెట్టెలలో పడి దశాబ్దాలపాటు మరుగున ఉండిపోయింది. 2017లో కోపెన్‌హేగెన్‌లోని శీతల గిడ్డంగిలో అది తిరిగి దొరికింది. అందులో మొక్కల అవశేషాలున్నాయని, అంటే గత పది లక్షల సంవత్సరాలలో ఎప్పుడో ఆ చోట మంచు లేని కాలం ఉన్నదని, 2021లో ప్రకటించారు. సైన్యం ఎందుకు తవ్వినా, దాచిపెట్టిన మంచూ మన్నూ తరువాతి తరాలకు పనికివచ్చాయి.

*

దక్షిణ ధ్రువఖండం విషయం గ్రీన్‌లాండుకంటె చిక్కైనది. ఆ ఖండంలో తమకు భూభాగం ఉందని ఏడు దేశాలు చెప్పుకుంటాయి: ఆర్జెంటీనా, ఆస్ట్రేలియా, చిలీ, ఫ్రాన్సు, న్యూజిలాండ్, నార్వే, బ్రిటన్. అమెరికా, సోవియట్ యూనియన్‌లు ఏ భాగాన్నీ తమదనలేదు, ఎవరి హక్కునూ ఒప్పుకోలేదు. 1957 జులై నుంచి 1958 డిసెంబరు దాకా జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో పన్నెండు దేశాలు అక్కడ పరిశోధన కేంద్రాలు నడిపాయి. వోస్తోక్ కేంద్రం ఆ సందర్భంలోనే 1957 డిసెంబరు 16న వెలసింది. అది నిలిచిన చోటు ఆస్ట్రేలియా తనదని చెప్పుకునే భాగంలో ఉంది. పక్కపక్కన కూర్చుంటే వాదులాడుకోవలసినవారు అక్కడ వాతావరణ పటాలు పంచుకున్నారు. అమెరికా వాతావరణ శాఖకు చెందిన గోర్డన్ కార్ట్‌రైట్ 1957లో సోవియట్ల మీర్నీ కేంద్రంలో చలికాలం గడిపాడు. సోవియట్ శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ రస్తర్గూయెవ్ అమెరికన్ల 'లిటిల్ అమెరికా'లో గడిపాడు.

ఈ విషయంలో మన దేశపు మాట కూడా చెప్పుకోవాలి. 1956లోనూ, మళ్ళీ 1958లోనూ, దక్షిణ ధ్రువఖండాన్ని శాంతియుత ప్రయోజనాలకే వినియోగించాలనే అంశాన్ని ఐక్యరాజ్య సమితిలో చర్చకు పెట్టాలని భారతదేశం ప్రతిపాదించింది. హక్కులు చెప్పుకునే దేశాలకు అది రుచించలేదు, చర్చ సాగలేదు. అయినా ఆ పన్నెండు దేశాలూ 1959 డిసెంబరు 1న చేసుకున్న ఒడంబడికలో శాంతియుత వినియోగమే మొదటి షరతు అయింది. అణుపరీక్షలు నిషిద్ధం. పరిశోధన ఫలితాలను పంచుకోవాలి, శాస్త్రజ్ఞులను ఇచ్చిపుచ్చుకోవాలి. భూమి హక్కుల తగాదాను ఉన్నచోట ఉన్నట్టే నిలిపివేయాలి. 1961 జూన్ 23న అది అమలులోకి వచ్చింది. 1983లో భారతదేశం అందులో చేరింది.

ఒడంబడిక కాగితం మీద చోటు కల్పించింది. ఆ చోటును నింపవలసినవారు మనుషులు.

*

వోస్తోక్ సముద్రమట్టానికి 3,488 మీటర్ల ఎత్తున ఉంది. కింద సుమారు 3,700 మీటర్ల మందాన మంచు. ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 55 డిగ్రీలు. 1983 జులై 21న అక్కడ నమోదైన సున్నాకు దిగువ 89.2 డిగ్రీలు, భూమి మీది వాతావరణ కేంద్రాలలో నేటివరకు నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత. తీరంలోని మీర్నీ నుంచి ట్రాక్టర్ల బారు సుమారు 1,400 కిలోమీటర్లు మంచులో ఈడ్చుకుంటూ సరుకులు చేర్చాలి. ఏడాదికి కురిసే మంచు నీటిలెక్కన రెండు సెంటీమీటర్లు మాత్రమే. ఈ చివరి సంఖ్యలోనే ఆ చోటి విలువ ఉంది. పొర పలుచన కనుక కొద్ది లోతులోనే ఎక్కువ కాలం ఇమిడి ఉంటుంది.

అక్కడ 1970లో లోతైన బోరు పని మొదలైంది. యంత్రాలు తయారు చేసినది లెనిన్‌గ్రాద్ గనుల విద్యాలయంలో బొరీస్ కుద్ర్యషోవ్ నాయకత్వంలోని బృందం. వేడి చేసిన కడియంతో మంచును కరిగించుకుంటూ, నడుమ కడ్డీని మిగుల్చుకుంటూ దిగే పద్ధతిని వారు వాడారు. యంత్రం లోపల ఇరుక్కుపోతే దానిని వదిలివేసి, రంధ్రాన్ని పక్కకు వంచి కొత్త దారి తీశారు. ఇలా ఏళ్ళ తరబడి జరిగింది.

1982 ఏప్రిల్ 12న కేంద్రంలోని విద్యుత్తు యంత్రశాల తగులబడింది. ఒక మెకానిక్కు మరణించాడు. మిగిలినవారు ఇరవైమంది. చలికాలం ముందున్నది, ఆ కాలంలో అక్కడికి విమానం దిగదు, ట్రాక్టరు రాదు. చేతికందిన సామగ్రితో పొయ్యిలు తామే తయారు చేసుకొని, ఒకే కప్పు కింద ఒదిగి, నెలల తరబడి ఆ ఇరవైమందీ బతికారు. శాస్త్రపత్రికలలోని ప్రతి వంపు గీత వెనుక ఇటువంటి మనుషులు ఉన్నారు. వారి పేర్లు వ్యాసాల తలకట్టులో కనిపించవు.

1980ల మొదట్లో వారి బోరు 2,083 మీటర్ల దాకా మంచును అందించింది. అంత పాత మంచు ఆనాడు ప్రపంచంలో మరెవరి దగ్గరా లేదు.

*

ఫ్రెంచివారి పరిస్థితి వేరు. గ్రనోబుల్‌లోని హిమానీశాస్త్ర ప్రయోగశాలలో లోరియూస్ బృందం బుడగలలోని గాలిని కొలవడంలో ఆరితేరింది. పారిస్ దగ్గరి సక్లేలో జాఁ జూజెల్ బృందం మంచులోని బరువైన ఉదజనిని కొలిచి పాత ఉష్ణోగ్రతలు లెక్కగట్టేది. వారికి లేనివి విమానాలు. 'డోమ్ సి' అనే చోట బోరు వేయడానికి అమెరికన్ల విమానాల మీద ఆధారపడ్డారు. 1975లో ఆ ఎత్తున మంచులోనుంచి లేవబోతూ విమానాలు దెబ్బతినడంతో పని వెనుకబడింది. చివరకు 1977-78లో 905 మీటర్ల మంచుకడ్డీ తీయగలిగారు. అది గత మంచుయుగపు చివరి భాగాన్ని చూపింది. దాని వెనుకనున్న వెచ్చని కాలం, దాని వెనుకనున్న మరొక మంచుయుగం వారి మంచులో లేవు. అవి వోస్తోక్‌లో ఉన్నాయి.

అమెరికన్ల దగ్గర స్కీలు బిగించిన హెర్క్యులిస్ రవాణా విమానాలు ఉన్నాయి. ఆనాడు ఖండం నడిమికి అంత బరువు మోసుకుపోగలిగినవి అవే.

ఇప్పుడు 1984వ సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. అంతకు ముందటి ఏడు సెప్టెంబరులో సోవియట్ యుద్ధవిమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది. ఐరోపాలో రెండు వైపులా కొత్త క్షిపణులు మోహరిస్తున్నారు. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలను అమెరికా బహిష్కరించింది, 1984 వేసవిలో లాస్ ఏంజెలిస్ క్రీడలను సోవియట్ యూనియన్ బహిష్కరించింది. పరుగుపందెంలో కూడా పక్కపక్కన నిలవడానికి ఇష్టపడని కాలం అది. అదే సంవత్సరం చివర మొదలైన ధ్రువపు వేసవిలో అమెరికా విమానం లోరియూస్‌నూ ఆయన సహచరులనూ వోస్తోక్‌లో దించింది. సోవియట్లు తమ మంచును వారి ముందు పెట్టారు. కలిసి కోసి, ముక్కలు ఎంచి, పెట్టెలలో సర్ది, కరగకుండా ఫ్రాన్సుకు పంపారు.

దీనిని స్నేహమని పిలవడానికి నాకు కొంచెం సంకోచం. ముగ్గురికీ అవసరం ఉంది. తవ్వినదానికి అంతర్జాతీయ గుర్తింపు రావాలంటే సోవియట్లకు పశ్చిమ ప్రయోగశాలల కొలతలు కావాలి. ఫ్రెంచివారికి మంచు కావాలి. ఎదుటివారి కేంద్రం తలుపు తెరిచి ఉండటం అమెరికన్లకూ ప్రయోజనమే. అయితే అవసరం ఉన్న ప్రతిచోటా సహకారం పుట్టదు. లెనిన్‌గ్రాద్‌లోని ధ్రువ పరిశోధన సంస్థవారు, మాస్కోలో భూగోళ శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ కొత్ల్యకోవ్, గ్రనోబుల్‌లో లోరియూస్ ఒకరినొకరు ఏళ్ళ తరబడి సమావేశాలలో కలిసినవారు, ఒకరి పని ఒకరు చదివినవారు. నడుమ ఆ పరిచయం లేకపోతే ఒడంబడికలోని వాక్యాలు విమానం ఎక్కి ఉండేవి కావు.

*

ఫలితం 1985లో మొదటగా వచ్చింది: 1,50,000 సంవత్సరాల ఉష్ణోగ్రతల చరిత్ర. 1987లో పైన చెప్పిన మూడు వ్యాసాలు ఆ చరిత్రను 1,60,000 సంవత్సరాలకు పెంచి, ఉష్ణోగ్రత పక్కన గాలిని కూడా చేర్చాయి. మంచుయుగాలలో గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో బొగ్గుపులుసు వాయువు 180 నుంచి 200 భాగాలు. వెచ్చని కాలాలలో 280 భాగాల దాకా. చలి పెరిగితే వాయువు తగ్గింది, వెచ్చదనం పెరిగితే వాయువు పెరిగింది. రెండు గీతలూ జోడెడ్ల మాదిరిగా కదిలాయి.

ఏ ఎద్దు ముందు అడుగు వేసింది అనే ప్రశ్న తరువాత చాలాకాలం నడిచింది. భూకక్ష్యలో వచ్చే నిదానమైన మార్పులు వేడిమిని మొదట కదిలిస్తాయని, సముద్రాలనుంచి వెలువడే వాయువు ఆ కదలికను ఎన్నో రెట్లు పెంచుతుందని నేడు శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. 1988లో ఏర్పడిన వాతావరణ మార్పుల అంతర్ప్రభుత్వ సంఘం 1990లో ఇచ్చిన మొదటి నివేదికలో వోస్తోక్ గీతలకు చోటు దొరికింది.

ఈ చోటనే నా ముఖ్యమైన మాట చెప్పాలి. ఆ గీతలను సోవియట్లు ఒక్కరే ప్రకటించి ఉంటే పశ్చిమ దేశాలలో ఎందరు నమ్మేవారు? అమెరికన్లు ఒక్కరే ప్రకటించి ఉంటే మాస్కోలో ఏమనేవారు? ఒకరు తవ్వి, ఒకరు మోసి, ఒకరు కొలిచి, తవ్వినవారూ కొలిచినవారూ కలిసి సంతకం పెట్టిన కాగితాన్ని ఇది ఫలానా రాజ్యపు ప్రచారమని తోసివేయడం ఎవరికీ సులభం కాలేదు. తగాదా పడినవారిద్దరూ కలిసి రాసిన సాక్ష్యానికి న్యాయస్థానంలో ఉండే బలం దానికి వచ్చింది.

*

1991లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. రష్యా దగ్గర డబ్బు లేదు. 1990ల మధ్యలో ఒక చలికాలం వోస్తోక్‌ను మూసివేయవలసి వచ్చింది. ఆ కష్టకాలంలో బోరు ఆగిపోకుండా నిలిపినది ఈ మూడు దేశాల పొత్తే. 1998 జనవరిలో 3,623 మీటర్ల లోతుకు చేరి కావాలని ఆపారు. కింద సరస్సు ఉంది. సుమారు 250 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు ఉనికిని రష్యన్, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కలిసి 1996లో స్పష్టంగా ప్రకటించి ఉన్నారు. వెలుతురు చూడని ఆ నీటిలోకి బోరులోని కిరోసిను దిగకూడదని, నూరు మీటర్లకు కాస్త పైన ఆగారు. రష్యన్లు మళ్ళీ మొదలుపెట్టి 2012 ఫిబ్రవరి 5న 3,769 మీటర్ల లోతున సరస్సును తాకారు. ఆగమన్నవారూ, సాగుదామన్నవారూ ఇద్దరూ ఉన్నారు. పొత్తులో భేదాభిప్రాయాలు లేవని నేను చెప్పడం లేదు.

1999 జూన్‌లో ఆ మంచుకడ్డీ మొత్తం ఫలితం వచ్చింది. 4,20,000 సంవత్సరాలు, నాలుగు మంచుయుగాల చక్రాలు, పంతొమ్మిదిమంది రచయితలు, మూడు దేశాలు. ఆ నాలుగు చక్రాలలో ఎన్నడూ బొగ్గుపులుసు వాయువు 300 భాగాలను దాటలేదు. ఇప్పుడు అది 420 దాటింది.

ఒక మంచుకడ్డీ తప్పు చెప్పదని నమ్మకమేమిటి అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు గ్రీన్‌లాండులో దొరికింది. అక్కడ 1990ల మొదట్లో ఎనిమిది ఐరోపా దేశాలవారు ఒక బోరు, దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో అమెరికన్లు మరొక బోరు వేశారు. 1992లో ఐరోపావారు 3,029 మీటర్లకు, 1993లో అమెరికన్లు 3,053 మీటర్లకు చేరారు. పై తొంభై వంతుల లోతులో రెండు కడ్డీలూ పొల్లుపోకుండా ఒకే కథ చెప్పాయి. అడుగున పదవ వంతులో రెండూ వేరు కథలు చెప్పాయి. అక్కడ మంచు మడతలు పడి పొరల వరుస తారుమారైందని అలా తెలిసింది. ఒక్కటే బోరు ఉండి ఉంటే ఆ తారుమారైన పొరలనే చరిత్రగా చదువుకునేవారు.

వోస్తోక్‌కు సరిచూపు ఐరోపాలోని పది దేశాలు కలిసి 'ఎపికా' పేరిట డోమ్ సి వద్ద వేసిన బోరు. మొదటి రంధ్రంలో 788 మీటర్ల దగ్గర యంత్రం ఇరుక్కుపోతే మళ్ళీ మొదటినుంచి తవ్వి, 2004 డిసెంబరులో 3,270 మీటర్లకు చేరారు. అది 8,00,000 సంవత్సరాలు వెనక్కు పోయింది. వోస్తోక్ చెప్పిన నాలుగు చక్రాలూ అందులో అలాగే ఉన్నాయి.

*

ఈ మంచు ఎక్కడో ఉన్నదని, దానితో మనకు పని లేదని అనుకోనక్కరలేదు. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, తెల్లని బూడిద పొర ఉంది. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అది. ఆ పొర కిందా పైనా దొరికిన రాతి పనిముట్లను అధ్యయనం చేసి, భారతీయ, విదేశీ పురావస్తు శాస్త్రజ్ఞులు కలిసి 2007లో వ్యాసం ప్రకటించారు. అటువంటి పేలుడు వెదజల్లిన గంధకం రెండు ధ్రువాల మంచులోనూ పడాలి. టోబాకు చెందినవి కావచ్చని తోచిన ఆమ్లపు జాడలను గ్రీన్‌లాండ్ కడ్డీలలోనూ, దక్షిణ ధ్రువపు కడ్డీలలోనూ జోడించి చూస్తున్నారు. రాయలసీమ మట్టిలోని ఒక పొర కాలాన్ని, దాని పర్యవసానాన్ని తేల్చడానికి భూమి రెండు కొసల మంచు కావలసి వచ్చింది. మన దేశమూ ఇప్పుడు చదివేవారి వరుసలో ఉంది. గోవాలోని మన ధ్రువ పరిశోధన కేంద్రంలో మంచుకడ్డీలను భద్రపరచి పరీక్షించే ప్రయోగశాల ఉంది.

*

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగిన తరువాత, ఐరోపా సంఘం రష్యా ప్రభుత్వ పరిశోధన సంస్థలతో ప్రాజెక్టులను నిలిపివేసింది. ఆ మార్చిలో ఉత్తర ధ్రువ మండలిలోని మిగిలిన ఏడు దేశాలు రష్యాతో కలిసి కూర్చోవడం మానుకున్నాయి. ఆ నిర్ణయాల వెనుక ఉన్న దుఃఖాన్ని, ఆగ్రహాన్ని నేను తక్కువ చేయను. నగరాల మీద బాంబులు పడుతుంటే ఏమీ జరగనట్టు ప్రయోగశాలలో పలకరించుకోవడం ఎవరికైనా కష్టమే. అయినా 1984ను చదివినవాడిగా నాకు ఒక బెంగ ఉంది. ఆనాటి రాజ్యాలు కూడా మంచివి కావు. అఫ్ఘానిస్తాన్‌లో అప్పుడు యుద్ధం నడుస్తూనే ఉంది. అయినా ఒక తలుపు తెరిచి ఉంచారు. తలుపు మూసినప్పుడు పోయేది ఒక ఏడాది సమాచారం మాత్రమే అయితే దానిని తరువాత పూడ్చుకోవచ్చు. ఒకరి పని ఒకరికి తెలిసిన మనుషుల తరం పోతే దానిని మళ్ళీ పెంచడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. క్లోద్ లోరియూస్ 2023 మార్చిలో, తొంభై ఒకటవ ఏట, కన్నుమూశాడు.

వోస్తోక్‌లో 2024 జనవరిలో కొత్త నివాస సముదాయం ప్రారంభమైంది. అక్కడికి సుమారు 560 కిలోమీటర్ల దూరాన, డోమ్ సి వద్ద, ఫ్రెంచివారూ ఇటాలియన్లూ కలిసి నడిపే కాంకార్డియా కేంద్రం ఉంది. దాని సమీపాన పది ఐరోపా దేశాల సంస్థలు వేసిన కొత్త బోరు 2025 జనవరిలో 2,800 మీటర్ల లోతున నేలను తాకింది. అందులో కనీసం 12 లక్షల సంవత్సరాల మంచు ఉందని వారు ప్రకటించారు. సుమారు పది లక్షల సంవత్సరాల క్రితం మంచుయుగాల చక్రం 41,000 సంవత్సరాలనుంచి లక్ష సంవత్సరాలకు ఎందుకు సాగిందో ఆ మంచులో వెదుకుతున్నారు. ఆ కడ్డీ చెప్పేదానిని రేపు ఎవరో సరిచూడాలి. సరిచూడటానికి మరొక బోరు కావాలి, మరొకరి కళ్ళు కావాలి. ఆ ఎడారిలో కాంకార్డియాకు దగ్గరి పొరుగువారు ఈనాటికీ వోస్తోక్‌లో ఉన్న రష్యన్లే.